మొదలుపెట్టడమే బరువైనప్పుడు

సైకోసిస్, అంటే నిజానికీ భ్రమకీ తేడా తెలియకుండా పోయే మానసిక స్థితి, అనగానే మనకు తట్టేవి చెవిలో గొంతులు, ఎవరో వెంటపడుతున్నారన్న భయం, ఒంటరిగా కూర్చుని మాటలు. అవి బయటపడ్డాక ఇంట్లో ఎవరికీ సందేహం ఉండదు. ఆ రాత్రే కారు మాట్లాడుకుని కాకినాడకో విశాఖకో బయల్దేరతారు. ఈ వ్యాసం అంతకు ముందు నడిచే కాలం గురించి. అప్పటికి పిల్లాడికి గొంతులేవీ వినపడవు. స్నానం వాయిదా పడుతుంటుంది. రికార్డు రాయడం ఆగిపోతుంది. క్రికెట్‌కి పిలిస్తే "రేపొస్తాన్రా" అంటాడు, ఆ రేపు రాదు. ఇంట్లోవాళ్ళు దానికి పొగరనో, ఫోను పిచ్చనో, సుఖం మరిగాడనో పేరు పెడతారు.

నేను చెప్పదలుచుకున్నది ఇది. మనిషి చేత పని మొదలుపెట్టించే యంత్రాంగం మెదడులో ఉంది. సైకోసిస్ వచ్చే ప్రమాదం ఉన్న యువతలో చాలామందికి అది గొంతుల కంటే ముందే మందగిస్తుంది. మన దగ్గరున్న ఆయుధాలు రెండు: తిట్టడం, దూరాన ఉన్న పెద్ద ఫలాన్ని చూపించి ఊరించడం. ఆ రెండూ పనిచెయ్యాలంటే ముందు ఆ యంత్రాంగం సరిగ్గా ఉండాలి. అందుకే ఇలాంటి ఇళ్ళలో వాటిని ఎంత గట్టిగా వాడితే అంత ఎదురు తిరుగుతాయి. పద్ధతి మార్చాలి. ఎలా మార్చాలో చాలావరకు తెలుసు కూడా.

జర్మనీలోని మన్‌హైమ్‌లో హైన్జ్ హెఫ్నర్ బృందం, స్కిజోఫ్రీనియాతో (సైకోసిస్ ప్రధానంగా కనపడే జబ్బు) మొదటిసారి ఆసుపత్రిలో చేరినవాళ్ళని, వాళ్ళ కుటుంబాలని కూర్చోబెట్టి జబ్బు ఎక్కడ మొదలైందో వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళింది. 73 శాతం మందిలో తొలి గుర్తులు దిగులు, ఆందోళన, ధ్యాస నిలవకపోవడం, పని మీద మనసు పోకపోవడం, మనుషులకి దూరం జరగడం లాంటివే. అక్కడి నుంచి అసలు సైకోసిస్ దాకా సగటున దాదాపు 5 ఏళ్ళు. మన లెక్కలో ఇంటర్ మొదటి ఏడాది నుంచి బీటెక్ మూడో ఏడాది దాకా అన్నమాట. ఒక కుర్రాడి బతుకు ఏ దారిన పడాలో తేలేది సరిగ్గా ఆ ఐదేళ్ళలోనే.

అలాగని మొదలుపెట్టలేని ప్రతి పిల్లాడికీ "ప్రమాద దశ" అని ముద్ర వెయ్యకూడదు. దానికి కొలతలున్నాయి. 1990లలో మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెక్‌గోరీ, ఆలిసన్ యుంగ్ ఇలాంటి యువత కోసమే క్లినిక్ పెట్టి వాటికి రూపం ఇచ్చారు. మూడు దారుల్లో ఏదో ఒకటి కనపడాలి. మొదటిది, అనుమానాలు, శబ్దాలు, వింత ఆలోచనలు తేలికపాటి రూపంలో, సుమారు వారానికి ఒకసారైనా రావడం. తేలికపాటి అంటే "ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు, నా భ్రమేనేమో" అని తనే అనగలగడం. ఆ "నేమో" ఉన్నంతవరకు అది సైకోసిస్ కాదు. రెండోది, పూర్తి స్థాయి లక్షణాలే వచ్చి, వారం తిరక్కుండా వాటంతటవే పోవడం. మూడోది, తల్లికో తండ్రికో తోబుట్టువుకో సైకోసిస్ ఉండి, ఏడాది తిరిగేసరికి ఈ పిల్లాడి చదువు, పని, మనుషులతో మెలగడం కలిపి సుమారు 30 శాతం పడిపోవడం. చూడండి, మూడో దారిలో గొంతుల ప్రసక్తే లేదు.

ఈ కొలతలకి సరిపోయి క్లినిక్‌కి వచ్చినవాళ్ళలో మూడేళ్ళలో సైకోసిస్ వచ్చేది సుమారు నలుగురిలో ఒకరికి. మిగతా ముగ్గురికి ఆ గడువులో రాదు. కానీ ఆ ముగ్గురిలోనూ చాలామందికి దిగులు, చదువులో వెనకబాటు, ఒంటరితనం ఏళ్ళ తరబడి కొనసాగుతాయి. అందుకే ఉత్సాహం మీద చేసే పని ఎవరి విషయంలోనూ వృథా పోదంటాను. ఆ ఒక్కరెవరో ముందుగా కచ్చితంగా చెప్పగల పరీక్ష ఇవాళ లేదు. స్కానింగ్ తీసి చెప్పేస్తామని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి. నలుగురికీ పనికొచ్చే పనిని నలుగురికీ చెయ్యడమే తెలివి.

ఇక మెదడు సంగతి. దీన్ని కొలిచే ప్రయోగాల్లో బాగా వాడుకలో ఉన్నది అమెరికాలో బ్రయాన్ నట్సన్ రూపొందించినది. మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపించే ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో మనిషిని పడుకోబెట్టి ఎదురుగా తెర పెడతారు. ముందు ఒక గుర్తు వస్తుంది: వృత్తమైతే గెలిస్తే డబ్బు వస్తుంది, చతురస్రమైతే ఓడితే డబ్బు పోతుంది, త్రికోణమైతే ఏమీ లేదు. తర్వాత రెండు సెకన్ల ఖాళీ. అప్పుడు తెర మీద ఇంకో గుర్తు రెప్పపాటు కాలం మెరుస్తుంది, అది పోయేలోపు బటన్ నొక్కాలి. ఆ వెంటనే గెలుపో ఓటమో చూపిస్తారు. ప్రయోగం కీలకమంతా ఆ రెండు సెకన్ల ఖాళీలో ఉంది. అప్పటికి డబ్బు చేతికి రాలేదు, రాబోతుందన్న సూచన మాత్రమే ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఆ రెండు సెకన్లలోనే మెదడు లోపలి వెంట్రల్ స్ట్రయాటం అనే భాగం చురుగ్గా వెలుగుతుంది. ఎదురుచూపు అక్కడ పుడుతుంది, బటన్ మీద వేలు సిద్ధమవుతుంది. 2006లో బెర్లిన్ పరిశోధకులు మందులు వాడని స్కిజోఫ్రీనియా రోగుల్లో ఈ వెలుగు తక్కువగా ఉందని చూపించారు. ఎవరిలో ఎంత తగ్గిందో వాళ్ళలో నిరాసక్తత లాంటి లక్షణాలు అంత ఎక్కువ. ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో చూసినప్పుడు కూడా ఆ తగ్గుదల నిలబడింది.

ప్రమాద దశలోని యువతలో ఫలితాలు అంత ఏకపక్షంగా లేవు. కొన్ని చోట్ల తగ్గింది, కొన్ని చోట్ల తేడా కనపడలేదు. కారణాలు ఊహించడం కష్టం కాదు. ఒకే పేరు కింద రకరకాల పిల్లలున్నారు, చాలామందిలో దిగులు కలిసి ఉంటుంది, కొందరు అప్పటికే మందుల మీద ఉంటారు. కాబట్టి స్కాను బొమ్మని రోగ నిర్ధారణకి వాడలేం. కానీ ఏ దిక్కున చూడాలో అది చెబుతుంది.

నాకు ఇంతకంటే విలువైనదిగా అనిపించే ప్రయోగం ఇంకోటి ఉంది. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, ఒక కంప్యూటరు చాలు. మైకేల్ ట్రెడ్‌వే బృందం 2009లో ప్రచురించింది. ప్రతిసారీ రెండు పనుల్లో ఒకటి ఎంచుకోవాలి. తేలిక పని: కుడిచేతి వాటం మనిషైతే కుడి చూపుడు వేలితో 7 సెకన్లలో 30 సార్లు బటన్ నొక్కాలి, గెలిస్తే 1 డాలరు. కష్టమైన పని: ఎడమచేతి చిటికెన వేలితో 21 సెకన్లలో 100 సార్లు, గెలిస్తే 4 డాలర్ల పైదాకా. చేసి చూడండి, సెకనుకి దాదాపు ఐదు సార్లు ఎడమ చిటికెన వేలు ఆడించడమంటే పదో సెకనుకే మణికట్టు లాగుతుంది. ఇంకో మెలిక ఉంది. పని పూర్తిచేసినా డబ్బు గ్యారంటీ లేదు, వచ్చే అవకాశం 12 శాతమో, 50 శాతమో, 88 శాతమో ముందే చూపిస్తారు.

ఆరోగ్యవంతులు లెక్కగా నడుస్తారు. 12 శాతం అంటే తేలిక పనితో సరిపెడతారు, 88 శాతం అంటే చిటికెన వేలు నొప్పెట్టినా దిగుతారు. స్కిజోఫ్రీనియాలో నిరాసక్తత ఎక్కువగా ఉన్నవాళ్ళు 88 శాతం దగ్గర, పెద్ద మొత్తం దగ్గర కూడా శ్రమ పెంచరు. అవకాశం తక్కువున్న చోట మాత్రం మిగతావాళ్ళతో దాదాపు సమానంగానే ఉంటారు. అంటే ఒళ్ళు వంచకపోవడం అన్నిచోట్లా ఒకేలా లేదు. శ్రమకి, ఫలానికి మధ్య లెక్క కట్టి "ఇక్కడ దిగితే లాభం" అని తేల్చే దగ్గర తేడా వస్తోంది. ప్రమాద దశ యువతలోనూ ఇదే తరహా తేడాని కొన్ని అధ్యయనాలు చూపించాయి.

దీనికి తోడు అమెరికాలో జేమ్స్ గోల్డ్ బృందం చూపించిన సంగతి మన ఇళ్ళకి నేరుగా సంబంధించినది. నిరాసక్తత ఎక్కువున్న రోగులు నష్టం తప్పించుకోవడం బాగానే నేర్చుకుంటారు, లాభం వచ్చే దారి నేర్చుకోవడంలోనే వెనకబడతారు. ఇప్పుడు పొద్దున్న ఎనిమిదింటికి ఏ మండువా లోగిలిలోనో వినపడే మాట తీసుకోండి: "ఏరా, ఇంకా లేవలేదా? మీ బాబాయి కొడుకు చూడు, అమెరికా వెళ్ళిపోయాడు." ఈ మాట మొదటి సగం నష్టం, రెండో సగం ఎక్కడో ఉన్న ఫలం. పిల్లాడు మొదటి సగం నుంచి నేర్చుకునేది నాన్న హాల్లో ఉన్నప్పుడు గదిలోంచి బయటికి రాకూడదని. అది చాలా బాగా నేర్చుకుంటాడు. రెండో సగం నుంచి ఏమీ నేర్చుకోడు. బీటెక్ అయి, వీసా వచ్చి, ఉద్యోగం వచ్చేసరికి ఆరేళ్ళు. అవకాశం ఎంతో ఎవరికీ తెలియదు. ఆ ప్రయోగంలో 12 శాతం గడి లాంటిదే అది, పైగా బటన్ నొక్కాల్సింది ఆరేళ్ళు.

మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం గురించి ఒక చిక్కు విప్పాలి. 2009లో లండన్‌లో ఆలివర్ హౌస్ బృందం ప్రమాద దశ యువత మెదళ్ళని పెట్ స్కాన్‌తో చూసి, స్ట్రయాటంలో డోపమైన్ తయారీ ఎక్కువగా ఉందని చెప్పింది. ఉత్సాహానికి డోపమైనే కారణమంటారు కదా, మరి ఎక్కువుంటే ఉత్సాహం తగ్గడమేంటి? పరిమాణం కంటే సమయం ముఖ్యం. కోతుల మీద ప్రయోగాలతో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ చూపించింది ఏమిటంటే, డోపమైన్ కణాలు ఊహించని మంచిదేదైనా దొరికినప్పుడు, లేదా దొరకబోతుందని సూచన వచ్చినప్పుడు ఠక్కున స్పందిస్తాయి. ఆ క్షణికమైన స్పందనే "ఇది పట్టించుకో, దీనికోసం కదులు" అన్న సంకేతం. 2003లో షితిజ్ కపూర్ ప్రతిపాదించిన దాని ప్రకారం సైకోసిస్ వైపు జారుతున్న మెదడులో ఈ స్పందన వేళాపాళా లేకుండా వస్తుంది. గోడ మీద బల్లి, బస్సులో ఎవరో దగ్గడం, ఎదురింటి లైటు వెలిగి ఆరడం, అన్నిటికీ ఏదో అర్థం ఉన్నట్టు తోస్తుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నాలుగు పక్కలా మైకులు మోగుతుంటే పక్కనుంచి పేరు పెట్టి పిలిచినా వినపడదు. అలాగే ఈ రొదలో "ఈ చాప్టరు చదివితే రేపు పరీక్ష తేలికవుతుంది" అన్న అసలు సూచన మునిగిపోతుంది. అనుమానాలు పెరగడం, ఉత్సాహం తగ్గడం ఒకే మెదడులో పక్కపక్కనే ఎలా ఉంటాయో ఈ వివరణ చెబుతుంది. ఇది అంతిమ సత్యమని అనను, కానీ ఇప్పటికున్న వాటిలో నన్ను ఒప్పించినది ఇదే.

అయితే ఈ పిల్లలకి సంతోషమే తెలియదా? చాలామంది ఇక్కడే పొరబడతారు. "పులస పులుసు పెడితే లొట్టలేసుకుని తిన్నాడు, ఏం జబ్బండీ వాడికి?" అని అడుగుతారు. చేతికొచ్చిన దాన్ని ఆస్వాదించడం, రాబోయే దాని కోసం కదలడం వేర్వేరు పనులు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో మొదటిది చాలావరకు నిలిచే ఉంటుంది, రెండోదే దెబ్బతింటుంది. ప్రమాద దశలో దిగులు కలిసినప్పుడు మొదటిది కూడా తగ్గొచ్చు. అందుకే డాక్టరు దగ్గర "దేనికీ సంతోషించట్లేదండీ" అనే బదులు గమనించి చెప్పాల్సింది వేరే ఉంది: ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఈ వారం ఏం మొదలుపెట్టాడు?

అది తేల్చడానికి పద్నాలుగు రోజుల నోటుబుక్కు చాలు. రోజుకి మూడు పనులే రాయాలి, అంతకు మించొద్దు. పని పేరు, ఎవరు కదిలించారు (తనా, ఇంకెవరైనానా), చేసే ముందు ఎంత బాగుంటుందనుకున్నాడో 10కి ఎన్ని మార్కులు, చేశాక నిజంగా ఎంత బాగుందో ఎన్ని మార్కులు. కాలవ గట్టు మీద నడకకి ముందు 2 వేసి, వచ్చాక 6 వేసే పిల్లాడికి ఊహలో లోటు ఉంది. ముందు 2, తర్వాత కూడా 2 అయితే దిగులు వైపు ఎక్కువ చూడాలి. రెండు వారాల కాగితం చూసిన సైకియాట్రిస్టుకి అరగంట మాటల్లో దొరకనిది దొరుకుతుంది. ఇది చెడేది ఒకే కారణంతో: అమ్మ నింపుతుంది. మార్కులు పిల్లాడే వెయ్యాలి, ఖాళీ వదిలితే ఖాళీగానే ఉంచాలి. ఖాళీ కూడా సమాచారమే.

తర్వాత పని ఎంపిక. సూత్రం ఒకటే, శ్రమకి ఫలానికి మధ్య దూరం తగ్గించాలి, ఫలం దాదాపు ఖాయంగా ఉండాలి. మన డెల్టాలో వరి దీనికి పనికిరాదు. నాలుగు నెలల తర్వాత వచ్చే ఫలం, దాని మీద తుఫాను భయం. రొయ్యల చెరువులో చెక్‌ట్రే సరిగ్గా సరిపోతుంది. మేత చల్లేటప్పుడు ట్రేలో కొలిచిన మేత కొంచెం వేసి దించుతారు, ఓ రెండు గంటలయ్యాక పైకి లాగి చూస్తారు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మీద మచ్చలున్నాయా, అంతా ఆ ట్రేలోనే కనపడుతుంది. పిల్లాడికి చెరువంతా అప్పగించకుండా ఒక్క ట్రే అప్పగించండి. దించడం, రెండు గంటలకి లాగడం, మిగిలిన మేత ఎంతో ఫోనులో ఫోటో తీసి బాబాయికి పంపడం. బాబాయి ఆ ఫోటో చూసి తర్వాతి మేత తగ్గించాలి లేదా పెంచాలి, తగ్గించానని తిరిగి చెప్పాలి. తను చేసిన పని వల్ల ఒకటి మారిందని అదే పూటలో తెలియడం, అదీ ఫలం. కడియం వైపు వాళ్ళకి నర్సరీలో సంచులకి మట్టి నింపి వరుసలో పేర్చడం ఇలాంటిదే, ఇరవై సంచులు నింపితే ఇరవై కళ్ళెదుట కనపడతాయి. నరసాపురం పక్క ఆడపిల్లలకి లేసు అల్లికలో పెద్ద టేబుల్ క్లాత్ కాకుండా ఒక్క పువ్వు, అరచేయంత.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిది, మూడు రోజులు చేశాడు కదా అని నాలుగో రోజు చెరువంతా అప్పజెప్పడం. వారానికి ఒక మెట్టు, అదీ ఏడు రోజుల్లో కనీసం ఐదు రోజులు చేసినప్పుడే. రెండోది, రాత్రి కాపలాకి పంపడం. నిద్ర చెడితే అనుమానాలు, శబ్దాలు పెరుగుతాయి. పైగా నిద్రలేని మనిషి ఏరియేటర్ల (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) వైర్ల మధ్య ఒంటరిగా ఉండకూడదు. మూడోది, పొద్దున్నే పెట్టడం. తెల్లవారుజామున మూడింటికి పడుకునే పిల్లాడికి ఆరింటి పని పెడితే మొదటి రోజే ఓటమి. ముందు పదకొండింటి పని పెట్టి, లేచే వేళని వారానికి అరగంట ముందుకి జరపాలి. నాలుగోది, డబ్బు ఆశ పెట్టడం. "నెలంతా చేస్తే బండి కొంటా" అంటే మళ్ళీ దూరపు ఫలమే. అదే పూట టిఫిను, అదే పూట ఒక మంచి మాట.

కదిలించే పద్ధతి కూడా ఉంది. "ఇవాళైనా చేస్తావా?" అనేది ప్రశ్న, దానికి "ఊఁ" అని జవాబొస్తుంది, పని జరగదు. దానికంటే ఒక జరిగే విషయానికి పనిని ముడేయాలి: "టీ తాగిన గ్లాసు కింద పెట్టగానే ట్రే దగ్గరికి." పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు చూపించింది ఇదే, ఎప్పుడు, ఎక్కడ, ఏది జరగ్గానే అని ముందే ముడేసుకున్న పని జరిగే అవకాశం ఎక్కువ. రోజుకి ఒకే ముడి. కదిలించడం ఒకసారే. రెండోసారి అడిగితే అది పోరు అయిపోతుంది, పిల్లాడు పోరుని తప్పించుకోవడం నేర్చుకుంటాడు. మొదటి వారం పక్కనే ఎవరైనా నడవాలి, మాట్లాడకుండా అయినా సరే. తమ్ముడో, మేనమామో అయితే నాన్న కంటే మేలు.

ఇంట్లో వాతావరణం గురించి ఆధారాలు గట్టివే. సైకోసిస్ వచ్చిన వాళ్ళ ఇళ్ళలో విమర్శ, ఈసడింపు ఎక్కువుంటే జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్‌లో ఈ సంగతి పరిశోధించిన జార్జ్ బ్రౌన్ కాలం నుంచీ తెలుసు. ప్రమాద దశ పిల్లల మీద లాస్ ఏంజెలెస్‌లో జరిగి 2006లో ప్రచురితమైన అధ్యయనంలో, తల్లిదండ్రుల మాటల్లో ఆప్యాయత, మెచ్చుకోలు ఉన్న పిల్లలు తర్వాతి నెలల్లో మెరుగ్గా ఉన్నారు. కొంచెం ఎక్కువ పట్టించుకోవడం కూడా మేలే చేసింది. మన ఇళ్ళకి ఇది ధైర్యమిచ్చే సంగతి, ఎందుకంటే పట్టించుకోవడంలో మనవాళ్ళకి లోటు లేదు. ఈసడింపు ఒక్కటి తీసెయ్యాలి.

ఆడపిల్లల విషయంలో నాకు బెంగ ఎక్కువ. కొడుకు గదిలోంచి రాకపోతే పక్కింటివాళ్ళకి కూడా తెలుస్తుంది. కూతురు గదిలోంచి రాకపోతే "ఎంత పద్ధతిగల పిల్లండీ, గడప దాటదు" అంటారు. స్నేహితురాళ్ళు ఫోను చెయ్యడం మానేశారు, జడ వేసుకోవడం మానేసింది, ముగ్గు పెట్టమంటే చుక్కలు పెట్టి వదిలేసింది, ఇవన్నీ అణకువ కింద జమవుతాయి. పైగా ఆడవాళ్ళలో సైకోసిస్ మొదలయ్యే వయసు సగటున కొన్నేళ్ళు ఆలస్యం, అంటే సరిగ్గా సంబంధాలు చూసే కాలం. పెళ్ళి చేస్తే కుదురుకుంటుందన్న మాట అప్పుడు వినపడుతుంది, మగపిల్లల ఇళ్ళలోనూ వినపడుతుంది. పెళ్ళిలో నిద్ర ఉండదు, కొత్త మనుషులు, కొత్త ఇల్లు, ప్రతి క్షణం పరీక్ష. కదలడమే కష్టంగా ఉన్న మనిషి మీద ఇంత భారం ఒకేసారి పెట్టడం, దాంతో ఇంకో కుటుంబాన్ని కట్టడం, రెండూ తప్పే. కనీసం ఏడాది ఆగండి.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళే ముందే తేల్చుకోదగినవి కొన్ని. రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, బీ12. ఈ మూడింటిలో ఏది తేడాగా ఉన్నా మనిషి నీరసపడతాడు, సరిచేస్తే లేస్తాడు. తర్వాత గంజాయి. మన జిల్లాల్లో అది కాలేజీ గేటు దాకా వచ్చిందని అందరికీ తెలుసు, అడగడానికే మొహమాటం. యూరప్‌లోను బ్రెజిల్‌లోను పదకొండు చోట్ల జరిగి 2019లో ప్రచురితమైన పరిశోధనలో, రోజూ వాడేవాళ్ళకి సైకోసిస్ వచ్చే అవకాశం ఎప్పుడూ వాడనివాళ్ళ కంటే 3 రెట్లకి పైగా ఉంది, ఘాటైన రకం రోజూ వాడేవాళ్ళలో దాదాపు 5 రెట్లు. గంజాయి తనంతట తానే ఉత్సాహాన్ని చంపుతుంది కూడా. పూర్తిగా మానేసి కనీసం ఒక నెల గడవకుండా మిగిలిన లక్షణాల మీద తీర్పు చెప్పడం కష్టం. అడిగేటప్పుడు "తాగుతున్నావా?" అని నిలదీస్తే "లేదు" అంటాడు. "వారంలో ఎన్నిసార్లు?" అని మామూలుగా అడిగితే చాలాసార్లు అంకె చెబుతాడు.

చేపనూనె గుళికల గురించి చాలామంది అడుగుతారు. వియన్నాలో 81 మంది మీద జరిగి 2010లో వచ్చిన అధ్యయనం గొప్ప ఆశ పుట్టించింది, 2017లో 304 మందితో మళ్ళీ చేస్తే ఆ మేలు కనపడలేదు. చేపలు తినండి, గుళికల మీద ఆశ పెట్టుకోకండి.

గుడికి, ప్రార్థన కూటానికి, దర్గాకి వెళ్ళడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆ దారిలో నలుగురు మనుషులు కలుస్తారు. కట్టెయ్యడం, పస్తులుంచడం, మందులు ఆపించడం ఎవరు చెప్పినా వినకండి. గాలి సోకిందని నెలల తరబడి తిరగడంలో పోయే కాలమే అన్నిటికంటే ఖరీదైనది, సైకోసిస్ మొదలయ్యాక వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

కొన్ని గుర్తులు కనపడితే నోటుబుక్కు పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చచ్చిపోవాలని ఉందనడం. ఆ "నేమో" పోయి, కచ్చితంగా ఎవరో చంపబోతున్నారని నమ్మడం. రెండు మూడు రోజులుగా నిద్ర, తిండి లేకపోవడం. గొంతులు ఏదైనా చెయ్యమని ఆజ్ఞాపించడం. కొద్ది రోజుల్లోనే మనిషి మారిపోయి, దాంతో జ్వరమో ఫిట్సో అయోమయమో ఉంటే అది మెదడు వాపు కావచ్చు, సైకియాట్రీ కంటే ముందు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళాలి. రాత్రివేళ ఏం చెయ్యాలో తోచకపోతే టెలీ మానస్ 14416 ఉంది, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

చివరికి మందుల మాట. సైకోసిస్ పూర్తిగా వచ్చినవాళ్ళకి రిస్పెరిడోన్, ఒలంజపైన్ లాంటి యాంటీసైకోటిక్ మందులు అవసరం, వాటిని సొంతంగా ఆపకూడదు. ప్రమాద దశలో మాత్రం, రాబోయే సైకోసిస్‌ని ఆపడానికని వాటిని మొదలుపెట్టొద్దని, ముందు సీబీటీ అనే మాటల చికిత్సని, వీలైతే కుటుంబంతో కలిపి ఇవ్వాలని బ్రిటన్‌లోని నైస్ అనే ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉత్సాహం లేకపోవడం ఒక్కటే లక్షణమైతే ఆ మందులకి కారణం ఇంకా తక్కువ. అవి డోపమైన్ అందుకునే ద్వారాలనే మూస్తాయి కాబట్టి మొదలుపెట్టే శక్తిని ఇంకా తగ్గించవచ్చు. మత్తు, కాళ్ళూ చేతులూ బిగుసుకోవడం, ఒకచోట కూర్చోలేని తహతహ, బరువు పెరగడం వీటికి తోడవుతాయి. దిగులు గట్టిగా ఉంటే దానికి మందు వేరే, అది అవసరమైతే వాడాల్సిందే.

చీటీ చేతికిచ్చినప్పుడు డాక్టరుగారిని మర్యాదగానే అడగొచ్చు: ఈ మందు ఏ లక్షణానికండీ, ఎన్ని వారాల్లో మార్పు కనపడాలి, మార్పు లేకపోతే ఏం చేద్దాం, పిల్లాడు ఇంకా మందకొడిగా అయితే అది జబ్బో మందో ఎలా తెలుసుకోవాలి? జవాబులు చీటీ వెనకే రాసుకోండి. మందు మొదలెట్టిన తేదీ ఆ నోటుబుక్కులో గీత గీసి వెయ్యండి, మందుకి ముందు పద్నాలుగు రోజుల మార్కులు, తర్వాతి పద్నాలుగు రోజుల మార్కులు పక్కపక్కన కనపడేలా. మళ్ళీ చూపించుకునే రోజున పిల్లాడి చేతే ఆ పుస్తకం డాక్టరుగారికి ఇప్పించండి.